వలలో పడ్డ పేరు తెలియని చేప: అపోహలు, వాస్తవాలు

"సార్, ఇదేం చేప? తినొచ్చా?" అంటూ వచ్చే ఫొటోల్లో చేప చాలాసార్లు అప్పటికే ముక్కలై, ఉప్పూ పసుపూ పట్టించుకుని గిన్నెలో ఉంటుంది. తల లేదు, తోలు లేదు, రెక్కలు లేవు. పోల్చుకోడానికి పనికొచ్చేవన్నీ పెంటకుప్పలో పడ్డాక ఎవరైనా ఏం చెప్పగలరు? ముందు పేరు తేలాలి, కత్తిపీట ఆ తర్వాత.

అపోహ: ఏ చేపైనా శుభ్రంగా కడిగి బాగా ఉడికిస్తే విషం పోతుంది

పోదు. ప్రాణాల మీదకు తెచ్చే మాట ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మన తీరంలో గాలానికీ వలకీ తరచుగా తగిలే పఫర్ చేప ఉంది కదా, కొందరు కప్ప చేప అంటారు, కొందరు బెలూన్ చేప అంటారు. అందులో ఉండే విషం టెట్రోడోటాక్సిన్. వంటింటి వేడి దాన్ని ఏమీ చెయ్యలేదు. పులుసు గంటసేపు మరిగించినా, వేపుడు చేసినా, ఎండబెట్టినా, ఐసులో పెట్టినా అలాగే ఉంటుంది. చింతపండు, నిమ్మకాయ దాన్ని విరచవు. రుచీ వాసనా లేవు కాబట్టి నోటికి తెలియదు.

"కార్జం, జన (గుడ్ల సంచి) తీసేస్తే చాలటగా?" అని అడుగుతారు. ఈ సగం తెలివి ఇంకా ప్రమాదం. చాలా పఫర్లలో విషం ఎక్కువగా ఉండేది వాటిలోనే, నిజమే. కానీ కొన్నింటి తోలులోనూ ఉంటుంది. లాగోసెఫాలస్ లూనారిస్ అనే వెండిరంగు పఫర్‌కి కండలోనే విషం. దీన్నే పోలిన లాగోసెఫాలస్ స్పాడిసియస్ పక్కన పెడితే రెండూ కవలలు. తేడా వీపు మీది సన్నటి ముళ్లలో ఉంటుంది: లూనారిస్‌కి అవి తల నుంచి వీపు రెక్క మొదలు దాకా సాగుతాయి, స్పాడిసియస్‌కి పక్క రెక్క చివర దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాయి. తోలు ఒలిచాక ఈ గుర్తు కూడా మిగలదు. అందుకే "ఫలానా రకం పఫర్ పర్వాలేదు" అన్న మాటను ఇంట్లో అసలు నమ్మకండి.

పఫర్‌ను పోల్చుకోడానికి ఉబ్బేదాకా ఆగక్కర్లేదు. వలలో చచ్చింది ఉబ్బదు కూడా. ఒక పుల్లతో పెదవులు తెరవండి. వేలు మాత్రం పెట్టొద్దు, ఆ నోరు చిలక ముక్కులాంటిది. పైన రెండు పలకలు, కింద రెండు పలకలు, మధ్యలో నిలువు గీత కనిపిస్తే అది పఫర్. పైనొకటి, కిందొకటి గీత లేకుండా ఉండి, ఒళ్లంతా పొడవాటి ముళ్లుంటే ముళ్లపంది చేప, దాన్నీ తినకూడదు. తర్వాత పొట్ట చూడండి. కనగుర్తకీ పారకీ ఉండే పొట్ట రెక్కల జత దీనికి ఉండదు. వీపు రెక్క ఒక్కటే, పొట్టిగా, తోకకు దగ్గరగా ఉంటుంది. మొప్ప తెరిచే మూత కనపడదు, పక్క రెక్క ముందు చిన్న చీలిక మాత్రమే ఉంటుంది. పొలుసులు లేవు. తోక నుంచి తల వైపు అరచేత్తో నిమిరితే పొట్ట గరుకుగా తగులుతుంది. నున్నగా ఉండే రకాలూ ఉన్నాయి కాబట్టి గరుకు లేదని వదిలెయ్యకండి, నోరే అసలు సాక్ష్యం.

"పిల్లికి పెట్టి చూశాం, పోయినేడు మా బావ తిన్నాడు, ఏం కాలేదు" అన్నది పరీక్ష కాదు. ఒకే రకంలో ఒక చేపకీ ఇంకో చేపకీ, ఒక ముక్కకీ ఇంకో ముక్కకీ, ఒక కాలానికీ ఇంకో కాలానికీ విషం మోతాదు మారుతుంది.

తిన్న తర్వాత పెదవులు, నాలుక చిమచిమలాడటంతో మొదలవుతుంది. కొందరికి పావుగంటలోనే, కొందరికి కొన్ని గంటలకు. తర్వాత మొద్దుబారడం, వాంతులు, కాళ్లూ చేతులూ పట్టు తప్పడం, మాట తడబడటం, చివరికి ఊపిరి అందకపోవడం. విరుగుడు మందు లేదు, పాము కాటు ఇంజెక్షన్ పనిచెయ్యదు. ఉన్న దారల్లా విషం దిగేదాకా వెంటిలేటర్ మీద ఊపిరి అందించడమే. కాబట్టి చిమచిమ మొదలవగానే 108కి ఫోన్ చేసి, వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికే వెళ్లండి. మిగిలిన ముక్కలు, దొరికితే తల, కవర్లో వేసి వెంట తీసుకెళ్లండి. మనిషి కదలక పడి ఉన్నా స్పృహలోనే ఉండొచ్చు, పక్కన నిలబడి భయపెట్టే మాటలు మాట్లాడొద్దు.

ముట్టుకున్నందుకే భయపడి ఫోన్ చేసేవాళ్లూ ఉంటారు. కంగారు పడకండి. పుండూ గాయం లేని చేత్తో తాకితే ఏమీ కాదు, సబ్బుతో కడుక్కుంటే చాలు.

అపోహ: చచ్చిన చేప ముల్లు ఏం చేస్తుంది?

టేకు చేప (స్టింగ్‌రే) తోక ముల్లు, జెల్ల వీపు ముల్లు, దాని రెండు పక్క ముళ్లు, తేలు చేపల వీపు ముళ్లు చేప చచ్చి గంటలు గడిచినా పొడుస్తాయి, విషం ఎక్కిస్తాయి. పొడిస్తే ఆ భాగాన్ని తట్టుకోగలిగినంత వేడినీళ్లలో, 45 డిగ్రీలు దాటకుండా, నొప్పి తగ్గేదాకా 30 నుంచి 90 నిమిషాలు ఉంచాలి. మొద్దుబారిన చేతికి వేడి తెలియదు కాబట్టి ముందు రెండో చేత్తో చూడండి. కట్టు గట్టిగా బిగించడం, కోసి రక్తం తీయడం వద్దు. ముల్లు ఛాతీలోనో పొట్టలోనో దిగితే పీకకుండా ఆసుపత్రికి.

అపోహ: రంగు చూస్తే తెలిసిపోతుంది

నీళ్లలోంచి తీసిన నిమిషాల్లో రంగు పోతుంది. పిల్లకి ఒక రంగు, పెద్దదానికి ఒకటి. లెక్కపెట్టగలిగేవి చూడండి. కనగుర్తకు వీపు రెక్క వెనక అయిదు, కింద అయిదు చిట్టి రెక్కలుంటాయి. పార జాతిలో చాలావాటికి తోక పక్కన గట్టి పలకల వరస వేలికి తగులుతుంది. ఫోన్ యాప్ కుటుంబం (దగ్గరి జాతుల గుంపు) దాకా దారి చూపిస్తుంది, సరదాకి బాగుంటుంది. తినాలా వద్దా అన్నది దాన్ని అడగొద్దు.

అపోహ: ఎవరికీ పేరు తెలియలేదంటే కొత్త జాతే

మీకు కొత్త, రేవులో ముసలాయనకు కాదు. స్కాట్లాండ్ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల బొమ్మలు 1803లో లండన్‌లో అచ్చయ్యాయి, మన రేవు పేర్లతోనే. స్కాంబెరాయిడిస్ టోల్ అన్న శాస్త్రీయనామంలోని టోల్ మన తోలుపారలోని తోలే. ఫొటోతో పాటు రేవులో ఏమంటారో కూడా రాసి పంపండి.



అపోహ: పేరు తెలియకుండా పట్టింది, తప్పేముంది?

తిమింగల సొర, రంపపు సొర, సముద్రపు గుర్రం, పెద్ద గిటార్ చేప 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో, అంటే పట్టకూడని జంతువుల జాబితాలో, చేరాయి. తిమింగల సొరని తెల్లచుక్కలే పట్టిస్తాయి. గిటార్ చేప సొరలాగే కనిపిస్తుంది, తిప్పి చూస్తే మొప్ప చీలికలు పక్కన కాదు, టేకుకి లాగా కింద ఉంటాయి. ప్రాణంతో ఉంటే వల కోసైనా వదిలెయ్యండి.

చివరగా, చూపించాలనుకుంటే ఎలా పంపాలి? నీడలో, తడి చేపను ఎడమవైపు తల ఉండేలా పడుకోబెట్టి, రెక్కలు విప్పి గుండుసూదులతో నిలిపి, పక్కన స్కేలు పెట్టి తీయండి. నోరు, మొప్ప, పొట్ట విడివిడిగా. ఎక్కడ, ఎంత లోతులో, ఏ వలకి, ఏ తేదీన పడిందో రాయండి. చేపని దాచాలంటే ముందు రెక్క ముక్క కొంచెం 95 శాతం ఆల్కహాల్‌లో వెయ్యండి, ఎందుకంటే చేపని కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్ మందు డీఎన్ఏను పాడుచేస్తుంది. తర్వాత ఒక వంతు ఫార్మలిన్‌కి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి చేపని అందులో ఉంచండి, చేతికి గ్లవుజులు వేసుకోండి. ఇవేవీ లేకపోతే కవర్లో చుట్టి డీప్ ఫ్రిజ్‌లో పెట్టి, విశాఖలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రానికో, ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా కార్యాలయానికో చూపించండి. కవరు మీద "తినకూడదు" అని రాయడం మరవద్దు, ఇంట్లో వంట చేసేవాళ్లకు ఈ సంగతి తెలియదు.