కౌనస్‌లో ఒక్క పాయింటు

బాస్కెట్‌బాల్ ఆటగాడు జోర్డాన్ లాయిడ్ పుట్టి పెరిగింది అమెరికాలో. 2025 ఆగస్టులో యూరప్ దేశాల జట్లు ఆడే యూరోబాస్కెట్ పోటీల్లో పోలండ్ జెర్సీ వేసుకుని స్లొవేనియా మీద 32 పాయింట్లు సాధించాడు. కటోవిత్సెలో సొంత ప్రేక్షకుల ముందు పోలండ్ 105-95తో గెలిచింది. పోలండ్ పౌరసత్వం అతని చేతికి వచ్చింది ఆ ఏడాదే. దాంతో పాత పంచాయితీ మళ్లీ మొదలైంది: పాస్‌పోర్టు ఇచ్చి తెచ్చుకున్న ఆటగాడితో గెలిస్తే అది ఎవరి గెలుపు?

ఆ ప్రశ్న అడిగే అర్హత స్లొవేనియాకు అంతంతమాత్రమే. 20 లక్షల జనాభా ఉన్న ఆ దేశం 2017లో యూరప్ విజేతగా నిలిచినప్పుడు జట్టులో ఆంథనీ రాండాల్ఫ్ ఉన్నాడు, 2021లో మైక్ టోబీ. ఇద్దరూ అమెరికా నుంచి వచ్చినవారే. ప్రపంచ సమాఖ్య ఫిబా దీన్ని తప్పనడం లేదు. 16 ఏళ్లు నిండాక పౌరసత్వం పొందినవారు 12 మందిలో ఒక్కరే ఉండాలంటుంది, అంతే. ఆ ఒక్కరు ఎవరన్నదానిపైనే ఇప్పుడు పోటీ.

ఈ గొడవకు మొదలు 1939 మే నెలలో, లిథువేనియాలోని కౌనస్‌లో ఉంది. ముందు లాత్వియా సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ కథలో దాని మాట వినేవాళ్లు తక్కువ. 1935లో జెనీవాలో జరిగిన తొలి యూరప్ పోటీల విజేత లాత్వియా. ఇంటి కుర్రాళ్లతో గెలిచింది. పొరుగున ఉన్న లిథువేనియా అప్పటికి దానికి సరిజోడు కాదు. రెండేళ్లకు పోటీలు లాత్వియా రాజధాని రీగాకే వచ్చాయి. కప్పు మాత్రం లిథువేనియాకు పోయింది, ఫైనల్లో ఇటలీపై 24-23తో. మధ్యలో జరిగిందేమిటంటే, అమెరికాలో స్థిరపడిన లిథువేనియన్ కుటుంబాల నుంచి ఫెలిక్సస్ క్రియౌచ్యూనస్ లాంటివారు వచ్చి చేరారు. అక్కడి కాలేజీల్లో నేర్చిన ఆట అది. రీగా కుర్రాళ్లు ఏళ్ల తరబడి సాధన చేసి సంపాదించుకున్న ఆధిక్యం ఓడ దిగి వచ్చిన కొద్దిమందితో చెల్లిపోయింది.

1939లో వచ్చినవాడు మరీ పెద్దవాడు. లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన ఫ్రాంక్ లూబిన్, లిథువేనియన్ల నోట ప్రానస్ లుబినస్. రెండు మీటర్ల మనిషి. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన అమెరికా జట్టు సభ్యుడు. ఆ ఫైనల్ ఆరుబయట, వానలో, బంతి నేలకు కొడితే పైకి లేవని బురదలో జరిగింది. స్కోరు 19-8. ఆ పతకం తర్వాత అతను తల్లిదండ్రుల దేశం చూడటానికి వెళ్లి అక్కడి ఆటగాళ్లకు శిక్షణ ఇచ్చాడు.

కౌనస్‌లో పోటీల కోసమే కొత్త హాలు కట్టారు. మే 22న తొలి ఆటే లాత్వియాతో. ఆఖరి క్షణాల్లో లాత్వియా ఒక పాయింటు ముందుంది. బంతి లుబినస్ చేతికి అందింది, బుట్టలో పడింది. 37-36. లిథువేనియా ఒక్క ఆట కూడా ఓడకుండా కప్పు నిలబెట్టుకుంది, లాత్వియా రెండో స్థానంలో ఆగింది. ఒలింపిక్ పతకం ఒక దేశానికి, మూడేళ్లకే యూరప్ కప్పు మరో దేశానికి గెలిచి పెట్టిన మనిషి చేతిలో ఓడితే ఎవరికైనా కడుపు మండదా?

లిథువేనియా జవాబు చిన్నది: వాళ్లు మా బిడ్డలే. రెండు నెలల ముందే హిట్లర్ బెదిరింపుకు తలొగ్గి క్లైపెడా రేవును వదులుకున్న దేశం అది. ఆ హాలులో అరిచిన జనం లెక్క చూసుకున్నది పాస్‌పోర్టులది కాదు. ఏడాది దాటగానే సోవియట్ సైన్యం రెండు దేశాలనూ ఆక్రమించింది.

లిథువేనియా మేటి ఆటగాళ్లు సబోనిస్, మార్చులోనిస్, 1992 బార్సిలోనా ఒలింపిక్స్ కాంస్యం, ఇవన్నీ చాలామందికి తెలిసినవే. ఇక్కడ అవసరమైంది ఒక్కటే: తిరిగి స్వతంత్రమయ్యాక లిథువేనియా పురుషుల జట్టు అమెరికన్‌కు పాస్‌పోర్టు ఇచ్చి తెచ్చుకునే దారి పట్టలేదు. ఆ నిష్ఠకు ధర కూడా చెల్లించింది. 2021 జులైలో అదే కౌనస్‌లో టోక్యో ఒలింపిక్స్ బెర్తు కోసం ఆడి, స్టార్ ఆటగాడు లూకా డాంచిచ్, టోబీలు ఉన్న స్లొవేనియా చేతిలో 96-85తో ఓడింది.

“మా బిడ్డలే” అన్న మాట ఫిబా దగ్గర అంత సులువుగా చెల్లదు. తల్లి వైపు ఫిలిప్పీన్స్ మూలాలున్న జోర్డాన్ క్లార్క్‌సన్‌ను కూడా ఆ దేశపు జట్టులో ఆ ఒక్క చోటులోనే ఆడించాల్సి వచ్చింది, పాస్‌పోర్టు ఆలస్యంగా తీసుకున్నాడని. మన దగ్గరైతే ఆ ఒక్క చోటూ అంత తేలిగ్గా దక్కదు. భారత పాస్‌పోర్టు ఉన్నవారే జాతీయ జట్టుకు ఆడాలని 2008లో కేంద్రం తేల్చింది. కాబట్టి డాలస్‌లో పుట్టిన తెలుగు కుర్రాడు ఎంత పొడగరి అయినా అమెరికా పౌరసత్వం వదులుకుంటే తప్ప పనికిరాడు.

లుబినస్ పుట్టిన 1910లో లిథువేనియా అనే దేశమే లేదు, అది రష్యా జార్ సామ్రాజ్యంలో ఒక ముక్క. పుట్టుకతో ఆ పౌరసత్వం వచ్చే వీలు అతనికి లేదు. పైగా పెద్దల స్థాయిలో ఒక దేశానికి ఆడినవాడు మరో దేశానికి ఆడకూడదన్నది నేటి మామూలు నిబంధన. అది అప్పుడు ఉంటే మే 22 సాయంత్రం లుబినస్ గ్యాలరీలో కూర్చునేవాడు, లాత్వియా 36-35తో ఇంటికి వెళ్లేది.