అలర్జెన్ పీల్పించి చేసే ఆస్తమా పరీక్ష: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఆస్తమా ఉందో లేదో తేల్చడానికి ఈ పరీక్ష చేస్తారు.

కాదు. "నాకు దుమ్ము పడదు" అని వచ్చినవాళ్లకు మామూలుగా స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊది ఊపిరి బలం కొలవడం), చర్మ పరీక్ష, అవసరమైతే మెథాకోలిన్ పరీక్ష (శ్వాసనాళాలను బిగించే మందు పీల్పించి చూడడం) సరిపోతాయి. దుమ్ము పురుగు, పిల్లి, గడ్డి పుప్పొడి లాంటి అలర్జెన్ల (అలర్జీ తెప్పించేవాటి) సారాలను నెబ్యులైజర్‌తో పీల్పించడం ప్రధానంగా కొత్త మందుల పరిశోధన కోసమే. ఇంట్లో పాత దుప్పట్లు దులిపి "టెస్ట్" చేసుకునేవాళ్లూ ఉన్నారు. ఆ పని అసలు వద్దు.

అపోహ: గంటసేపు చూస్తే ఫలితం తెలిసిపోతుంది.

డోసు మెట్టుమెట్టుకూ రెట్టింపు చేస్తూ, ఎఫ్‌ఈవీ-1 (గట్టిగా ఊదితే మొదటి సెకనులో బయటికొచ్చే గాలి) 20 శాతం పడగానే ఆపేస్తాం. పీల్చిన పది, ఇరవై నిమిషాల్లో మొదలయ్యే ఈ తొలి స్పందన రెండు మూడు గంటల్లో సర్దుకుంటుంది. పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి మూడు నాలుగు గంటల తర్వాత ఊపిరి మళ్లీ బిగుస్తుంది, ఇదే ఆలస్య స్పందన. అందుకే ఏడు గంటల దాకా కొలుస్తూనే ఉంటాం. ముందుగా సాల్‌బ్యుటమాల్ (శ్వాసనాళాలను వెంటనే వదులు చేసే మందు) ఇస్తే తొలి స్పందన ఆగుతుంది, రెండోది ఆగదు. పీల్చే స్టెరాయిడ్ ఒక్క డోసు ఇస్తే సరిగ్గా తలకిందులు. గంటకే లేచిపోతే స్టెరాయిడ్ దండగని రాసుకోవాల్సి వస్తుంది!

అపోహ: ఈ రోజు వచ్చిన ఫలితం రేపు రాదు.

నిజంగానే రేపు చేస్తే రాదు. ఒకసారి అలర్జెన్ పీల్చాక శ్వాసనాళాలు ఇట్టే బిగుసుకునే గుణం కొన్ని రోజులు పెరిగే ఉంటుందని పరిశోధకుడు కాక్‌క్రాఫ్ట్ బృందం 1977లోనే చూపింది. అందుకే రెండు మూడు వారాలైనా ఎడం ఇస్తాం. అదే బ్యాచ్ సారం, అదే సమయం. జలుబు చేస్తే వాయిదా. అలర్జెన్ లేని ద్రవం పీల్పించి ఇంకో రోజు కొలుస్తాం, ఊపిరి దానంతటదే ఎంత తగ్గుతుందో తెలియాలి కదా. ఇవన్నీ పాటిస్తే ఫలితం బాగానే నిలకడగా ఉంటుంది. ఎవరి ఫలితాన్ని వారి ఫలితంతోనే పోల్చే పద్ధతిలో తక్కువ మందితోనే ప్రయోగం ముగించవచ్చు.

అపోహ: ఇందులో ఫెయిలైన మందు ఇక పనికిరాదు.

నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించేది ఇదే. 2000లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ప్రయోగంలో, తేలికపాటి ఆస్తమా ఉన్న 24 మందిపై మెపోలిజుమాబ్‌ను పరీక్షించారు. ఇయోసినోఫిల్స్ (అలర్జీలో పెరిగే ఒక రకం తెల్ల రక్తకణాలు) బాగా పడిపోయాయి, ఆలస్య స్పందన మాత్రం తగ్గలేదు. ఆ కణాలకు ఆస్తమాలో పాత్రే లేదేమోనన్న మాట మొదలైంది. గుంపుకు ఎనిమిది మందే, పైగా వేర్వేరు మనుషుల మధ్య పోలిక. అంత పెద్ద తీర్పుకు అది చాలదు. తర్వాత ఇయోసినోఫిల్స్ ఎక్కువగా ఉన్న తీవ్ర ఆస్తమా రోగులకు ఇచ్చి చూస్తే అటాక్‌లు సుమారు సగానికి తగ్గాయి. 2015లో అమెరికాలో అనుమతి వచ్చింది. పరీక్ష అబద్ధం చెప్పలేదు, మనమే దాన్ని అడగని ప్రశ్నకు జవాబు లాగాం. ఒమాలిజుమాబ్ అనే మరో ఆస్తమా మందు విషయంలో ఇదే పరీక్ష 1997లోనే సరైన దారి చూపింది.

అపోహ: ఇది ప్రాణాలతో చెలగాటం.

ఎఫ్‌ఈవీ-1 ఉండాల్సినదానిలో కనీసం 70 శాతం ఉన్న, తేలికపాటి ఆస్తమావాళ్లనే తీసుకుంటారు. డాక్టర్ పక్కనే ఉంటారు. సాయంత్రం సాల్‌బ్యుటమాల్ ఇచ్చి, ఊపిరి మామూలు స్థాయికి వచ్చాకే ఇంటికి పంపుతారు.