చిన్న పట్టణానికి జనం ఎందుకొస్తారు? కొన్ని అపోహలు, వాస్తవాలు

పట్టణ ప్లానింగ్ పనిలో పదిహేనేళ్లుగా ఉన్నాను. నల్లగొండ, పాలమూరు వైపు ఏ మున్సిపాలిటీ మీటింగుకు వెళ్లినా "మన ఊరికి జనం రావాలంటే ఏం చేయాలి సార్?" అని అడుగుతారు. జవాబులు కూడా వాళ్లే చెప్తారు. వాటిలో కొన్నింటితో నాకు పేచీ ఉంది.

అపోహ: రోడ్డు ఎంత వెడల్పైతే ఊరు అంత బాగుపడుతుంది.

వాస్తవం: హైవేకు ఆ లెక్క సరే, బజారుకు కాదు. ఒక ఊళ్లో మెయిన్ రోడ్డు వెడల్పు పనిలో నేనూ ఉన్నాను. బస్టాండు ముందు చింతచెట్ల కింద ఒక అవ్వ గంపలో బాలానగర్ సీతాఫలాలు పెట్టుకుని కూర్చునేది. ఒక్కో కాయనూ బొటనవేలితో మెల్లగా నొక్కి చూసి, "ఇవి ఇయ్యాల తిను బిడ్డా, ఇవి రేపటికి" అని రెండు కుప్పలు చేసి ఇచ్చేది. చెట్లు కొట్టేశాక అవ్వ పోయింది, పక్కనున్న మిర్చి బజ్జీ బండి పోయింది, నీడన బస్సు కోసం నిలబడే జనమూ పోయారు. చీకటి పడితే ఆడవాళ్లు అటు నడవడం మానేశారు. డ్రాయింగులో ఆ చెట్లను గుర్తించకపోవడం మా తప్పే, తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. వీధి వ్యాపారులు ఎవరెవరున్నారో లెక్కించే సర్వే పూర్తి కాకుండా వాళ్లను కదిలించకూడదని 2014 వీధి వ్యాపారుల చట్టమే చెప్తోంది.

అపోహ: డివైడర్ మీద మొక్కలు పెట్టాం, పచ్చదనం వచ్చేసింది.

వాస్తవం: తెలంగాణ 2019 మున్సిపల్ చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలి. ఆ డబ్బుతో డివైడర్ మీద పూలమొక్కలు పెడితే కార్లలో పోయేవాళ్లు చూస్తారు. మే నెల ఎండలో నడిచే మనిషికి రోడ్డు పక్కన వేప, కానుగ కావాలి.

అపోహ: పెద్ద విగ్రహమో, సెల్ఫీ పాయింటో ఉంటే చాలు.

వాస్తవం: భూదాన్ పోచంపల్లికి 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామం గుర్తింపు ఇచ్చింది. అక్కడికి వచ్చేవాళ్లు ఇళ్లలో మగ్గం చప్పుడు విని ఆగుతారు. నూలుకు చిటికి కట్టి, అంటే రంగు అంటకుండా అక్కడక్కడ గట్టిగా ముడివేసి, రంగులో ముంచడం దగ్గర నిలబడి చూస్తారు. ఇదంతా చూపించడానికి పెట్టింది కాదు, ఆ ఊరి బతుకుదెరువు. నేత గిట్టుబాటు కాక పిల్లలు పట్నం బాట పడితే చూడ్డానికి ఏం మిగులుతుంది? నల్లగొండ పక్కన పానగల్ ఛాయా సోమేశ్వరాలయమూ అంతే. గర్భగుడిలో శివలింగం దగ్గర పడే నీడను అరగంటలో చూసేసి వెళ్లిపోతారు. సాయంత్రం దాకా ఉండాలంటే చెరువు గాలికి కూర్చునే చోటు, తాగడానికి చాయ్ ఉండాలి. ఇవి ఊరివాళ్లకూ కావలసినవే.

అపోహ: ఎంతమంది వస్తే అంత లాభం.

వాస్తవం: పాలమూరు పిల్లలమర్రిని చూడండి. ఏడు వందల ఏళ్ల చెట్టు అంటారు. 2017 చివర్లో చెదలు తిన్న కొమ్మ విరిగి పడితే సందర్శకులను ఆపేశారు. చెదలు చావడానికి సెలైన్ బాటిళ్లతో మందు ఎక్కించారు. ఊడలు దిగాలంటే జనం తొక్కని మట్టి కావాలి. చెట్టే లేకపోతే ఆ లాభం ఎక్కడిది?

అపోహ: టాయిలెట్లు కట్టేశాం కదా.

వాస్తవం: కొత్త ఊరికి పని మీద వెళ్తే ముందుగా బస్టాండులో ఆడవాళ్ల టాయిలెట్ దగ్గరికే వెళ్తాను. తలుపుకు తాళం వేసి ఉంచుతున్నారా, లోపల నీళ్లు వస్తున్నాయా అని అక్కడి పూలమ్మే ఆమెను అడుగుతాను. మీటింగులో నా మొదటి పేజీ ఆమె చెప్పిన మాటే.