ఈపీఆర్: ప్యాకింగ్ చెత్త బాధ్యతపై అపోహలు - వాస్తవాలు

మొదట పొడి చెత్త వేరుచేసే కేంద్రంలోనూ, తర్వాత కంపెనీల తరఫున రీసైక్లింగ్ లెక్కలు సరిచూసే పనిలోనూ కొన్నేళ్లుగా ఉన్నాను. ఉత్పత్తిదారుల విస్తృత బాధ్యత, అంటే మేమంతా ఈపీఆర్ అని పిలుచుకునే నియమం గురించి ఎక్కడికి వెళ్లినా అవే పొరపాటు మాటలు వినిపిస్తుంటాయి. సరుకు అమ్మినవారే, ఆ సరుకు చుట్టి ఇచ్చిన ప్యాకింగ్ వాడకం ముగిశాక ఏమవుతుందో కూడా చూసుకోవాలన్నది దీని సారం. 1990లో స్వీడన్‌కు చెందిన పరిశోధకుడు థామస్ లిండ్‌క్విస్ట్ ఈ ఆలోచనకు పేరు పెట్టగా, 1991లో జర్మనీ ప్యాకేజింగ్‌కు దీన్ని చట్టంగా అమలు చేసింది. మన దేశంలో ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలు 2016లోనే వచ్చినా, కంపెనీలకు కచ్చితమైన లక్ష్యాలు మాత్రం 2022 ఫిబ్రవరి సవరణతోనే వచ్చాయి.

అపోహ: ఇది మరో పన్ను. డబ్బు కడితే కంపెనీ పని అయిపోతుంది.

ఈ బాధ్యతను కొలిచేది టన్నుల్లో, రూపాయల్లో కాదు. గట్టి ప్లాస్టిక్ విషయంలో కంపెనీ తన కోటాలో, అంటే తను మార్కెట్లోకి వదిలిన ప్లాస్టిక్‌ను బట్టి తన మీద పడే టన్నుల్లో, కనీసం 50 శాతాన్ని 2024-25లో రీసైకిల్ చేయించాల్సి ఉండింది. 2027-28 నాటికి అది 80 శాతానికి చేరాలి. పలుచటి కవర్లకు, పలు పొరల ప్యాకెట్లకు ఇదే లెక్క 30 నుంచి 60 శాతానికి పెరుగుతుంది. లక్ష్యం తప్పితే పర్యావరణ పరిహారం కట్టాలి, అయితే అది కట్టినంత మాత్రాన బాకీ రద్దు కాదు. మిగిలిన టన్నులు మూడేళ్ల వరకు కంపెనీ నెత్తిమీదే ఉంటాయి. ఏడాదిలోపు తీరిస్తే పరిహారంలో 75 శాతం, రెండేళ్లలో అయితే 60 శాతం, మూడేళ్లలో అయితే 40 శాతం తిరిగి వస్తుంది.

అపోహ: ప్లాస్టిక్ వస్తువు మీద త్రికోణం గుర్తు ఉంటే అది రీసైకిల్ అవుతుంది.

అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న నమ్మకం ఇదేనని నా అభిప్రాయం. ఆ త్రికోణంలోని 1 నుంచి 7 వరకు అంకెలు అది ఏ రకం ప్లాస్టిక్కో మాత్రమే చెబుతాయి.

మా కేంద్రంలో బల్ల దగ్గర కూర్చుని చెత్త వేరుచేసే మహిళలు ఆ అంకె చూడనే చూడరు. కవరును గుప్పిట్లో నలిపి, శబ్దాన్ని బట్టి, అది మళ్లీ విచ్చుకునే తీరును బట్టి రకం చెప్పేస్తారు. వాళ్లను ఇబ్బంది పెట్టేది రకం తెలియకపోవడం కాదు, ప్యాకింగ్‌ను తయారు చేసిన తీరు. కొన్ని పానీయాల సీసాలు మంచి పెట్ ప్లాస్టిక్‌తో చేసినవే, కానీ మెడ నుంచి అడుగు దాకా బిగుతుగా పీవీసీ అనే వేరే రకం ప్లాస్టిక్ తొడుగు వేసి ఉంటుంది. పెట్ కరిగే వేడిలో పీవీసీ విచ్ఛిన్నమై ఆమ్లం వదులుతుంది, దాంతో మొత్తం సరుకు పసుపు రంగుకు తిరిగి ధర పడిపోతుంది. అందుకే ఒక్కో సీసాను చేతిలోకి తీసుకుని, బ్లేడుతో తొడుగును నిలువునా చీల్చి, ఒలిచి పక్కన పడేయాలి. డిజైన్ ఖరారు చేసేటప్పుడే వేరే తొడుగు ఎంచుకుని ఉంటే ఆ బ్లేడు అవసరమే ఉండేది కాదు. ఉత్పత్తిదారు బాధ్యత చెత్తబుట్ట దగ్గర కాక డిజైన్ బల్ల దగ్గరే మొదలవ్వాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

అపోహ: సర్టిఫికెట్ ఉందంటే సరుకు రీసైకిల్ అయినట్టే.

లక్ష్యం తీరిందని చూపడానికి కంపెనీలు, ఇన్ని టన్నులు రీసైకిల్ చేశామని రీసైక్లింగ్ యూనిట్లు ఇచ్చే సర్టిఫికెట్లను కొంటాయి. 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీల్లో సుమారు 6 లక్షల నకిలీ సర్టిఫికెట్లు బయటపడ్డాయి. నేను స్వయంగా చూసిన ఒక యూనిట్‌లో, ఉన్న యంత్రాలు రాత్రింబవళ్లు ఆగకుండా నడిచినా కాగితాల మీద చూపినంత సరుకు రాదు. కరెంటు బిల్లు, లారీల తూకం చూపే వేబ్రిడ్జి చీటీలు పక్కపక్కన పెట్టగానే విషయం తేలిపోయింది. సర్టిఫికెట్ కొనే కంపెనీ ఈ రెండింటినీ అడిగి తీరాలి. సిమెంటు బట్టీలో ఇంధనంగా కాల్చినదాన్ని రీసైక్లింగ్ ఖాతాలో వేయడం కూడా తప్పే, ఎందుకంటే నిబంధనలు దాన్ని అంతిమ పారవేతగానే లెక్కిస్తాయి.

అపోహ: కాగితం, అట్ట వల్ల ఏ ఇబ్బందీ లేదు.

పాత పేపర్లు ఇంటిదగ్గరే తూకానికి అమ్ముడుపోతాయి కాబట్టి ఈ ధీమా ఏర్పడింది. కానీ కాగితంలోని పీచు మళ్లీ గుజ్జుగా మారిన ప్రతిసారీ పొట్టిదవుతుంది. ఐదు నుంచి ఏడు సార్ల తర్వాత కాగితంగా నిలవదు. పేపర్ కప్పు లోపలి పలుచటి ప్లాస్టిక్ పొర మామూలు గుజ్జు తొట్టిలో విడిపోదు. నూనె ఇంకిన పిజ్జా అట్టపెట్టెను మిల్లు తీసుకోదు. వానాకాలంలో తడిసిన అట్టల కట్టకు వ్యాపారి తేమ కింద తూకం కోసేస్తాడు, ఆ నష్టం ఏరుకొచ్చిన మనిషి కూలిలోంచే పోతుంది. కాగితం, గాజు, లోహపు ప్యాకింగ్‌లను కూడా ఈపీఆర్ పరిధిలోకి తెచ్చే ముసాయిదా నిబంధనలను కేంద్రం 2024 డిసెంబరులో విడుదల చేసింది. ఇది చాలా ముందే రావలసింది.

అపోహ: ఇంట్లో వేరుచేసినా లారీలో అన్నీ కలిపేస్తారు, కాబట్టి వృథా.

కొన్నిచోట్ల ఈ ఫిర్యాదు నిజమే, దాన్ని కాదనను. అయినా పాల ప్యాకెట్ల వంటి ఒకే రకం ప్లాస్టిక్‌కు కొనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాటిని కడిగి, ఆరబెట్టి, పాత సామాన్ల దుకాణానికి విడిగా ఇవ్వవచ్చు. కత్తిరించేటప్పుడు మూల ముక్కను పూర్తిగా తెంపకుండా ప్యాకెట్‌కే ఉండనివ్వండి, ఎందుకంటే తెగిపోయిన ఆ చిన్న ముక్క ఏరేవారి చేతికి దొరకదు.