స్టార్ దించాక క్రిస్మస్: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఒంగోలు దగ్గర ఒక పల్లెలో ఇరవై రెండేళ్లుగా సండే స్కూల్ చెబుతున్నాను. వారంలో మూడు సాయంత్రాలు ఇళ్లకు వెళ్లి ప్రార్థన చేసి వస్తాను. నవంబర్ నెలాఖరు వచ్చిందంటే సెమీ క్రిస్మస్‌లు, స్టార్లు, స్కిట్ ప్రాక్టీసులు, క్యారల్స్‌తో ఊపిరి ఆడదు. జనవరి మొదటి వారంలో స్టార్ దించి, అట్టపెట్టెలో సర్ది, అటక మీద పెట్టేస్తాం. దాంతోపాటు ఇంకా ఏమేం అటక ఎక్కుతున్నాయోనన్నదే నా బాధ. ఇళ్లలో, సంఘంలో నాకు ఎక్కువగా వినిపించే కొన్ని మాటల గురించి నాకు తెలిసింది రాస్తున్నాను.

అపోహ: డిసెంబర్ 25 యేసు ప్రభువు పుట్టిన తేదీ. అది కాదని తేలితే పండగే తప్పు.

వాస్తవం: సువార్తల్లో తేదీ లేదు. డిసెంబర్ 25న ఈ పండగ చేసినట్టు దొరికే తొలి దాఖలా క్రీ.శ. 336 నాటి రోమ్‌ది. అర్మేనియా సంఘం ఇప్పటికీ జనవరి 6నే చేసుకుంటుంది. యూట్యూబ్ చూసి వచ్చిన పిల్లలు దీని గురించి గట్టిగానే నిలదీస్తారు. నేను దాచకుండా చెప్పేస్తాను. ఏ రోజు పుట్టాడో రాయని లూకా, బిడ్డను పశువుల తొట్టిలో పడుకోబెట్టారని, ఎందుకు అక్కడ పడుకోబెట్టాల్సి వచ్చిందో మాత్రం రాశాడు. సత్రంలో వాళ్లకు చోటు లేదు. సంవత్సరమంతా గుర్తుండాల్సింది ఆ ముక్కే.

అపోహ: ముగ్గురు రాజులు ఆ రాత్రే పశువుల పాకకు వచ్చారు.

వాస్తవం: మత్తయి వాళ్లను తూర్పు దేశపు జ్ఞానులన్నాడు. ఎంతమందో చెప్పలేదు, వాళ్లు వచ్చింది కూడా ఇంటికి. కానుకలు మూడు కాబట్టి మనం ముగ్గురిని చేశాం. పిల్లలకు కిరీటాలు పెట్టొద్దని నేననను. కానీ మొదటి కబురు అందింది పొలంలో గొర్రెలకు కావలి కాస్తున్న వాళ్లకు. మా చేలల్లో కూడా మంద కట్టి, మంచులో గొంగడి కప్పుకుని పడుకునే కాపరులు ఉన్నారు. స్కిట్‌కు ముందు పిల్లల్ని ఒకసారి అక్కడికి తీసుకెళ్లాను. ఆ ఏడాది కాపరి వేషం కోసం పోటీ పడ్డారు.

అపోహ: కొత్త బట్టలు లేకుండా క్రిస్మస్ ఆరాధనకు ఎలా వస్తాం?

వాస్తవం: ఇలా అని ఎవరూ బోధించరు. అయినా చాలా ఇళ్లలో నమ్మేది ఇదే. ఒక ఏడాది మా సండే స్కూల్ పిల్ల పండగ రోజు కనపడలేదు. సాయంత్రం కేకు ముక్క పట్టుకుని వాళ్లింటికి వెళ్తే తలుపు చాటున నిలబడింది. వాళ్ల నాన్న కౌలుకు తీసుకుని వేసిన పొగాకు ఆ ఏడు వానలకు ఉరకెత్తి పోయింది. "పాత గౌనుతో వస్తే అందరూ చూస్తారు టీచరమ్మా" అంది. నాకు నోట మాట రాలేదు.

ఆ రాత్రి ఇంటికొచ్చి లూకా 2వ అధ్యాయం మళ్లీ చదివాను. బిడ్డను దేవాలయానికి తీసుకెళ్లినప్పుడు మరియ, యోసేపు అర్పించాల్సింది గువ్వల జత గానీ, రెండు పావురపు పిల్లలు గానీ. గొర్రెపిల్లను తేలేని వాళ్లకు లేవీయకాండం 12వ అధ్యాయం ఇచ్చిన వెసులుబాటు అది. ఆ తల్లిదండ్రులు పేదల కానుక పట్టుకుని అందరి ఎదుటా దేవాలయానికి వెళ్లారు. మరి మన పిల్ల పాత గౌనుతో మందిరానికి రావడానికి ఎందుకు భయపడుతోంది? ఆ భయం పెట్టింది మనమే. మరుసటి ఏడు నుంచి టీచర్లమంతా క్రిస్మస్ రోజు అంతకుముందు కట్టిన చీరలే కట్టుకుంటున్నాం. ఇద్దరు ముగ్గురు పెద్దలకు ఇది నచ్చలేదు. ఆ పిల్ల మాత్రం వచ్చి ముందు వరసలో కూర్చుంది.

అపోహ: పండగకు దుప్పట్లు, బియ్యం పంచితే సేవ అయిపోయినట్టే. నలుగురు సంఘంలో కలుస్తారు కూడా.

వాస్తవం: దీనికి జవాబు మన ఒంగోలు చరిత్రలోనే ఉంది. 1876-78 కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆకలితో వచ్చిన వాళ్లకు పని చూపించి కూలి ఇచ్చాడు. బాప్తిస్మం ఇమ్మని ఎందరు అడిగినా కరువు పని నడిచినంత కాలం ఇవ్వలేదు. గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. ఆ పని ముగిశాకే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ నది దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మనవాళ్లు ఆ అంకెను గర్వంగా చెప్పుకుంటారు. అంతకుముందు ఆయన ఆగిన నెలల గురించి ఎవరూ ఎత్తరు. నాకు ఆ నెలలే గొప్పవి. దుప్పటి ఇచ్చేటప్పుడు ఫోటో తీయకండి, ఆదివారం రమ్మని మాట తీసుకోకండి. చలి ఫిబ్రవరిలో కూడా ఉంటుంది, అప్పుడు కూడా వెళ్లండి.

అపోహ: క్యారల్స్‌కు అన్ని ఇళ్లూ తిరిగితే శుభవార్త అందినట్టే.

వాస్తవం: ఆరేళ్ల క్రితం ఒక్క రాత్రిలో అరవై ఇళ్లు పెట్టుకున్నాం. చివరి వీధిలో ఒక అవ్వ ఒంటరిగా ఉంటుంది. కొడుకులిద్దరూ హైదరాబాదులో బేల్దారి పనికి వెళ్లారు. మేం వెళ్లేసరికి రాత్రి రెండు దాటింది. వాకిట్లో కళ్లాపి చల్లి, ముగ్గేసి, పొయ్యి మీద పెద్ద గిన్నెడు టీ కాచి కూర్చుంది. పక్కింట్లో అడిగి తెచ్చిన స్టీలు గ్లాసులు పళ్లెంలో బోర్లించి ఉన్నాయి. మేం డప్పు కొట్టి రెండు చరణాలు పాడాం, ప్రార్థన చేశాం, కానుక కవరు తీసుకున్నాం. ఇంకా పదకొండు ఇళ్లున్నాయి. "టీ తాగి పోండమ్మా" అంటే, "టైం లేదవ్వా, వందనాలు" అని నేనే అన్నాను.

వీధి మలుపు దాటేటప్పుడు వెనక్కి చూశాను. గ్లాసులు ఒక్కొక్కటే తీసి లోపల పెట్టుకుంటోంది.

ఇమ్మానుయేలు అంటే దేవుడు మనకు తోడు అని పిల్లలకు నేర్పేది నేను. ఆ తోడు కోసం గిన్నెడు టీతో కూర్చున్న మనిషి దగ్గర ఐదు నిమిషాలు కూడా నిలబడలేదు. 27న ఒక్కదాన్నే వెళ్లి క్షమించమని అడిగాను. "మళ్లీ కాస్తాలే, కూర్చో" అంది. అప్పటి నుంచి ప్రతి సోమవారం సాయంత్రం ఆమె దగ్గరే టీ.

ఇప్పుడు స్టార్ దించేస్తాం గానీ, పశువుల తొట్టిని మందిరం వరండాలోనే ఉంచుతాం. ఆ ఆదివారం రాని వాళ్ల పేరు చీటీ మీద రాసి ఎవరైనా అందులో వేయవచ్చు. పిల్లలు ఇద్దరిద్దరుగా, పెద్దవాళ్లు ఒకరు తోడుగా, చీటీ తీసుకుని ఆ వారంలోనే వెళ్లి పలకరిస్తారు. ఎందుకు రాలేదని మాత్రం అడగకూడదు. క్యారల్స్ రాత్రికి పన్నెండు ఇళ్లు, ఐదు రాత్రులు. మొదటి రాత్రి మొదటి ఇల్లు అవ్వదే. గ్లాసులు మేమే తీసుకెళ్తాం.