లూయీజ్ ఫరాంక్ సింఫనీలు: పోలేదు, అచ్చు కాలేదు

పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి స్వరకర్త లూయీజ్ ఫరాంక్ ఆర్కెస్ట్రా కోసం రాసిన పెద్ద రచనలు, అంటే సింఫనీలు, మూడూ ఇప్పుడు యూరప్, అమెరికా కచేరీల్లో తరచూ వినిపిస్తున్నాయి. ప్రకటనల్లో వీటిని దొరికిన నిధి అంటుంటారు. నిజానికి అవి ఎక్కడికీ పోలేదు. రాతప్రతులు పారిస్‌లో, ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలోనే ఉన్నాయి. లేనిదల్లా వాద్యకారుడి ముందు స్టాండు మీద పెట్టుకునే కాగితం. కీర్తన గురువు నోటి నుంచి శిష్యుడికి చేరినట్టు సింఫనీ చేరదు. ఎవరి పార్టు (ఒక్కో వాద్యం వాయించాల్సింది రాసిన కాగితం) వాళ్ల ముందు లేకపోతే ఆర్కెస్ట్రా కదలదు.

ఫరాంక్ 1804లో పారిస్‌లో పుట్టారు, అంటోన్ రైహా దగ్గర స్వరరచన నేర్చుకున్నారు. 1842 నుంచి మూడు దశాబ్దాలు పారిస్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలలో పియానో ప్రొఫెసర్. 1850లో తొమ్మిది వాద్యాల నోనెట్ విజయం తర్వాత మగ ప్రొఫెసర్లతో సమానంగా జీతం సాధించుకున్నారు. ఆమె పేరెత్తితే అందరూ చెప్పేది ఇదే. చాలామంది అక్కడితోనే ఆపేస్తారు.

సి మైనర్‌లోని మొదటి సింఫనీ 1841లో పూర్తయినా, తొలి ప్రదర్శనకు 1845 దాకా ఆగాల్సి వచ్చింది. అదీ పారిస్‌లో కాదు, బ్రస్సెల్స్‌లో. డి మేజర్‌లోని రెండోది 1846లో పారిస్‌లో, జి మైనర్‌లోని మూడోది 1849లో కన్సర్వేటరీ కచేరీ సంఘం చేతుల మీదుగా వినిపించాయి. అప్పటి పారిస్‌కు ఒపేరానే లోకం. సింఫనీని బాగా వాయించగల ఆ సంఘమేమో ప్రధానంగా బేతోవెన్, హైడన్, మోజార్ట్‌ల చుట్టూ తిరిగేది. బతికున్న ఫ్రెంచి స్వరకర్తకే చోటు దొరకడం గగనం, అందులోనూ ఒక స్త్రీకి.

అచ్చు విషయానికొస్తే, ఆమె భర్త అరిస్టీడ్ స్వయంగా సంగీత ప్రచురణకర్త. పియానో రచనలు, పియానోతో కూడిన క్వింటెట్లు (ఐదు వాద్యాలవి), ట్రయోలు (మూడింటివి) అచ్చయ్యాయి, సింఫనీలు కాలేదు. పియానో ముక్కకు కొద్ది అచ్చు పలకలు చెక్కితే చాలు, ఇంటింటా కొనేవాళ్లుంటారు. సింఫనీకి అన్ని వాద్యాలూ కలిపి రాసిన పూర్తి స్కోరుతో పాటు ప్రతి వాద్యానికీ విడిగా చెక్కాలి, కొనేవి ఏ కొద్ది ఆర్కెస్ట్రాలో. పేరు చూసి విలువ కట్టే శ్రోతలు, పెద్ద రచనంటే చెవులు మూసుకునే ప్రచురణకర్తలు ఆమెను నిరుత్సాహపరిచారని సమకాలికుడైన సంగీత విమర్శకుడు ఫెతిసే రాశారు. 1859లో కూతురు విక్టోరిన్ చనిపోయాక ఆమె పెద్ద రచనల జోలికి వెళ్లలేదు. భర్తతో కలిసి పాతకాలపు కీబోర్డు సంగీతాన్ని వెతికి సంపుటాలుగా అచ్చు వేయించారు. 1865లో ఆయన పోయాక ఆ పని ఒక్కరే కొనసాగించారు. ఇతరుల మరుగునపడ్డ సంగీతం అలా బయటికొచ్చింది, ఆమె సింఫనీలు మాత్రం చేతిరాతలోనే ఉండిపోయాయి. 1875లో కన్నుమూశారు.

సరిగ్గా వందేళ్లకు, 1975లో, అమెరికాలో బియా ఫ్రీడ్‌లాండ్ పరిశోధన ఆమె జీవితాన్ని వెలికితెచ్చింది. అసలు మలుపు జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో ఫ్రెయా హాఫ్‌మన్, క్రిస్టిన్ హైట్‌మన్ 1990లలో చేపట్టిన ఆమె రచనల సంపాదకత్వం, అంటే రాతప్రతులను సరిచూసి అచ్చుకు సిద్ధం చేసే పని. ఇలాంటి పనిలో నోట్లు చదవడం కంటే గుర్తులు తేల్చడమే కష్టం. స్లర్ (స్వరాలను కలిపి వాయించమనే వంపు గీత) ఏ నోటు మీద మొదలైందో చేతిరాతలో తెలియదు. మొదటి వయొలిన్‌కు ఉన్న "పియానో" (మెల్లగా వాయించమనే) గుర్తు రెండో వయొలిన్‌కు ఉండదు. అది మరుపా, ఉద్దేశమా? ఆ కాలపు హార్న్ (ఇత్తడి కొమ్ము వాద్యం) పార్టులు ఎక్కువగా వాల్వుల్లేని వాద్యానికి రాసినవి. బాస్ క్లెఫ్‌లో (కింది స్వరాలకు వాడే గుర్తుతో) రాసిన నోట్లను పాత పద్ధతిలో ఒక ఆక్టేవ్ (స్థాయి) పైకి చదువుకోవాలి. అది తెలియక ఉన్నదున్నట్టు వాయిస్తే ఆ స్వరం అడుగున మునిగిపోతుంది. ఇక పార్టులో పేజీ తిప్పే చోట కనీసం రెండు బార్ల (తాళం కొలతల) విరామమైనా దొరక్కపోతే, చివరి భాగపు వేగంలో ఒకే స్టాండు ముందున్న ఇద్దరిలో ఒకరు వాయించడం ఆపేయాల్సిందే.

మూడో సింఫనీకి ఫ్లూట్, ఓబో, క్లారినెట్, బసూన్, హార్న్ రెండేసి, టింపని (పెద్ద డోళ్లు), తంత్రీ వాద్యాలు చాలు. ట్రంపెట్లూ ట్రాంబోన్లూ అక్కర్లేదు. అంటే గాలి వాద్యాలకూ టింపనికీ కలిపి 11 పార్టులు. తంత్రీ వాద్యకారులు (మొదటి వయొలిన్, రెండో వయొలిన్, వయోలా, చెల్లో, డబుల్ బాస్) వరుసగా 10, 8, 6, 6, 4 చొప్పున ఉంటే, ఇద్దరికొకటి లెక్కన మరో 17. మొత్తం 28. మోజార్ట్ వాయించే మధ్యస్థాయి బృందానికి ఇది అందుబాటులో ఉన్నదే, అందుకే మూడింట్లో దీన్నే ఎక్కువగా ఎంచుకుంటున్నారు. లోరాన్స్ ఎకిల్బే నడిపే ఇన్సులా ఆర్కెస్ట్రా 2021లో మొదటి, మూడో సింఫనీల రికార్డు తెచ్చింది, అదీ ఆ కాలపు వాద్యాలతో. కాకపోతే ఈ మూడోదానికి మంచి ఓబో మనిషి కావాలి: మొదలే అతనొక్కడితో, తోడు లేకుండా.