కాంటా ఎందుకు కదలదు?

మా అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. రోజూ పొద్దున అయిదున్నరకల్లా తార్నాక నుంచి ఉస్మానియా క్యాంపస్‌లోకి వెళ్లి, ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి చుట్టు తిరిగి, అయిదు కిలోమీటర్లు నడిచి వస్తారు. మొన్న లిఫ్టు దగ్గర నన్ను పట్టుకున్నారు.

"సార్, ఆర్నెల్ల సంది నడుస్తున్న. వానొచ్చినా మానలే. ఎనభై రెండు కిలోలుంటి, ఎనభై ఒకటైన. గీ కాంటా కదుల్తలేదేంది?"

బ్యాంకు మనిషి కదా, లెక్క కూడా వేసుకునే వచ్చారు. ఫోన్‌లో యాప్ రోజుకు 300 కిలోక్యాలరీలు ఖర్చయ్యాయని చూపిస్తోంది. 180 రోజులకు 54,000. కిలో కొవ్వుకు సుమారు 7,700 అని ఎక్కడో చదివారు, అది సరైన అంకే. భాగిస్తే ఏడు కిలోలు. పోయింది ఒకటి. మిగతా ఆరు కిలోలు ఎవరి ఖాతాలో పడ్డాయన్నది ఆయన ప్రశ్న.

ముందు యాప్ సంగతి. ఆ గంటసేపు సోఫాలో కూర్చున్నా ఎనభై దాకా ఎలాగూ ఖర్చవుతాయి. ఆ 300లో అవీ కలిసే ఉంటాయి. కాబట్టి నడక వల్ల అదనంగా అయింది 220 అనుకుందాం. అయినా అయిదు కిలోలు తగ్గాలి. నడక అయ్యాక స్నేహితులతో ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు ఉంటాయి. అందులో చాలా భాగం అక్కడే తిరిగొస్తుంది. ఇది అందరూ చెప్పేదే, వదిలేద్దాం. చెమట పట్టించే ప్లాస్టిక్ జాకెట్లు, పార్కు గేటు దగ్గర అమ్మే సొరకాయ రసం జోలికి అసలు వెళ్లను. చెమటతో పోయేది నీరు. ఒక సీసా నీళ్లు తాగితే ఆ బరువు మళ్లీ వచ్చేస్తుంది.

నన్ను ఏళ్లుగా పట్టి ఊపుతున్న ప్రశ్న వేరే ఉంది. మామూలుగా తిరుగుతూ, తింటూ, నిద్రపోతూ ఉన్న మనిషి మొత్తం ఎంత శక్తి ఖర్చు పెట్టాడో ఎలా కొలుస్తారు? యాప్ చేసేది ఊహ. ఒక గదిలో పెట్టి తలుపేసి ఊపిరిని కొలవొచ్చు, కానీ గదిలో పెట్టిన మనిషి తన మామూలు బతుకు బతకడు. అసలు పద్ధతి ఏమిటంటే, కొన్ని నీళ్లు తాగించి పంపించేస్తారు. అంతే.

అవి మామూలు నీళ్లు కావు. వాటిలో కొంత హైడ్రోజన్‌కు బదులు దాని బరువైన తమ్ముడు డ్యుటీరియం, మామూలు ఆక్సిజన్‌కు బదులు ఆక్సిజన్-18 ఉంటాయి. రెండూ రేడియేషన్ లేనివే. ఇలా ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రకాలనే ఐసోటోపులంటారు. మన కాలేజీల్లో ఐసోటోపులంటే అణుబాంబు, లేదంటే కార్బన్-14. వాటిని గ్లాసులో పోసి తాగించవచ్చని ఏ మాస్టారూ మాకు చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ పాఠానికి నిద్ర వచ్చేది కాదు.

ఒక ఫంక్షన్ హాలు ఊహించుకోండి. పెళ్లి జరుగుతోంది. ఆడపెళ్లివారిలో వెయ్యి మందికి, మగపెళ్లివారిలో వెయ్యి మందికి జేబుకు గులాబీ పెట్టారు. హాలుకు రెండు దారులు: ముందు గేటు, వంటల వైపు చిన్న తలుపు. ఆడపెళ్లివారు ముందు గేటు నుంచే వెళ్తారు. మగపెళ్లివారు మాత్రం రెండు దారుల్లోనూ వెళ్తారు. కొత్తవాళ్లు వస్తూనే ఉంటారు కానీ వాళ్లకు గులాబీ లేదు. వారం తర్వాత (ఎంత పెద్ద పెళ్లయినా వారం ఎక్కువే, క్షమించండి) హాల్లో గులాబీలు లెక్కపెట్టాం. ఆడపెళ్లివారి గులాబీల కంటే మగపెళ్లివారివి తొందరగా తరిగిపోయాయి. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? వంటల వైపు తలుపు నుంచే. అక్కడ ఒక్క మనిషిని కాపలా పెట్టకుండానే, ఎంతమంది అటు జారుకున్నారో తెలిసిపోయింది.

హాలు మన ఒళ్లు. ఆడపెళ్లివారు హైడ్రోజన్, మగపెళ్లివారు ఆక్సిజన్. ముందు గేటు నీరు, అంటే మూత్రం, చెమట, ఊపిరిలోని ఆవిరి. వంటల వైపు తలుపు కార్బన్ డై ఆక్సైడ్. పేరు కూడా కుదిరింది చూడండి, ఒంట్లో పొయ్యి వెలిగితే వచ్చే పొగ అదే. కొత్తగా వచ్చేవాళ్లు మనం రోజూ తాగే మంజీరా నీళ్లు.

ఇక్కడ ఒక సందేహం రావాలి. తాగిన నీళ్లలోని ఆక్సిజన్, ఊపిరిలోని కార్బన్ డై ఆక్సైడ్‌లోకి ఎలా చేరింది? మన ఎర్ర రక్తకణాల్లో కార్బానిక్ ఎన్‌హైడ్రేజ్ అనే ఎంజైమ్ ఉంది. అది నీటినీ కార్బన్ డై ఆక్సైడ్‌నూ సెకనుకు లక్షల సార్లు కలిపి విడదీస్తుంటుంది. ఆ గందరగోళంలో రెంటి ఆక్సిజన్లూ తారుమారవుతాయి. 1940ల చివర్లో మిన్నెసోటాలో నేథన్ లిఫ్సన్ బృందం దీన్ని పట్టుకుంది. తర్వాత ఎలుకల మీద లెక్క సరిచూశారు. ఆక్సిజన్-18 ధర అప్పట్లో ఎంత ఉండేదంటే, మనిషి ఒంటికి సరిపడా కొనడం కుదరలేదు. మనుషుల మీద మొదటి కొలత 1982లో గానీ రాలేదు.

లెక్క ఇష్టమున్నవాళ్లకు ఒక్క పేరా. ఒంట్లో 40 లీటర్ల నీరుంటే సుమారు 2,200 మోల్‌లు (డజను లాగా, అణువుల్ని లెక్కపెట్టే కొలత). ఆక్సిజన్-18 రోజుకు 10 శాతం వేగంతో, డ్యుటీరియం 8 శాతం వేగంతో తరుగుతున్నాయనుకోండి. తేడా 2 శాతం, అంటే 44 మోల్‌లు. ఒక్కో కార్బన్ డై ఆక్సైడ్ అణువు ఇద్దరేసి మగపెళ్లివారిని వెంటబెట్టుకుపోతుంది కాబట్టి సగం చేయాలి: 22 మోల్‌లు. అంటే రోజుకు 490 లీటర్ల దాకా వాయువు, దాదాపు 2,700 కిలోక్యాలరీలు. ఆవిరయ్యేటప్పుడు బరువైన అణువులు కాస్త బద్ధకిస్తాయి, దానికి దిద్దుబాట్లున్నాయి. ఇంతకీ ఆ మనిషి ఇచ్చింది నాలుగైదు చిన్న సీసాల మూత్రం.

ఈ నీళ్లు పట్టుకుని హెర్మన్ పాంట్జర్ అనే అమెరికా పరిశోధకుడి బృందం టాంజానియాలోని హాడ్జా వాళ్ల దగ్గరికి వెళ్లింది. వేట, దుంపలు, తేనె మీద బతికే జనం. మగవాళ్లు రోజుకు 11 కిలోమీటర్లకు పైగా, ఆడవాళ్లు 6 దాకా నడుస్తారు. కుర్చీలో కూర్చుని పనిచేసే మనకంటే వీళ్ల ఖర్చు ఎంతో ఎక్కువుంటుందని అందరూ అనుకున్నారు. 2012లో ఫలితం వచ్చింది. ఒంటి సైజును లెక్కలోకి తీసుకుంటే, హాడ్జా వాళ్ల రోజు మొత్తం ఖర్చు అమెరికా, యూరప్ వాళ్ల ఖర్చుకు ఇంచుమించు సమానం. 2016లో అయిదు దేశాల్లో 332 మందిని చూశారు. కదలిక పెరిగేకొద్దీ ఖర్చు కొంతవరకు పెరిగి, ఆ పైన దాదాపు ఆగిపోయింది.

అంటే నడకకు పెట్టిన ఖర్చును ఒళ్లు ఇంకోచోట మిగుల్చుకుంటోందన్నమాట. ఎక్కడ? మధ్యాహ్నం మనకు తెలియకుండానే ఇంకాస్త ఎక్కువసేపు కూర్చుంటాం, అది ఒకటి. అక్కర్లేని వాపు ప్రక్రియలకూ, ఒత్తిడి హార్మోన్లకూ పెట్టే ఖర్చును ఒళ్లు కోస్తుందని పాంట్జర్ వాదన. ఈ కోత ఎంతవరకన్నదాని మీద శాస్త్రవేత్తల్లో గొడవ ఇంకా నడుస్తోంది. నా మటుకు నాకు, కోత ఉందన్నది నిజం, అది నూటికి నూరుపాళ్లు కాదన్నదీ నిజం. అన్నట్టు, "నలభై దాటాక మెటబాలిజం పడిపోయింది సార్" అనేవాళ్లకు ఒక కబురు. ఇదే నీళ్ల పద్ధతితో 6,400 మందికి పైగా కొలిచి 2021లో ప్రచురించారు. ఇరవై నుంచి అరవై దాకా, ఒంటి సైజుతో పోల్చితే, ఖర్చు దాదాపు స్థిరంగానే ఉంది.

"అయితే నడుసుడు దండుగేనా?" అన్నారు ఆయన. ముఖంలో కొంచెం టెన్షన్ కనిపించింది.

దండుగ కాదు. ఫంక్షన్ హాలు తలుపులు ఇంకోసారి చూద్దాం. కండరంలోకి చక్కెర వెళ్లడానికి గ్లూట్-4 అనే తలుపులున్నాయి. విచిత్రమేమిటంటే, అవి గోడకు బిగించి ఉండవు, స్టోర్‌రూమ్‌లో పడి ఉంటాయి. ఇన్సులిన్ వచ్చి పిలిస్తే గోడ దాకా వచ్చి నిలబడతాయి. షుగర్ జబ్బులో ఆ పిలుపు సరిగ్గా వినపడదు. కానీ కండరం బిగుసుకున్నప్పుడు, ఇన్సులిన్ పిలవకపోయినా ఆ తలుపులు గోడకు వస్తాయి. భోజనమయ్యాక పదిహేను నిమిషాలు నడిస్తే షుగర్ ఎగబాకకపోవడం వెనుక ఉన్న సంగతి ఇదే. కాంటాకు ఇది కనిపించదు.

కాంటాకు కనిపించనిది ఇంకొకటుంది. 2004లో పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డ ఫోటో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క, ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2. మనవాళ్ల కొవ్వు పొట్ట లోపల, కాలేయం చుట్టూ చేరే రకం. అందుకే మగవాళ్లకు నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్త అంటారు. నడక ముందుగా తగ్గించేది ఈ లోపలి కొవ్వునే, ఒక్కోసారి బరువు కదలకుండానే. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి మీద పరిశోధనగా మొదలైంది. ఇప్పుడు పొట్ట చుట్టూ పేరుకునే కొవ్వు గురించి సలహాలిస్తోంది.

లండన్‌లో జెర్రీ మోరిస్ అనే డాక్టర్ 1953లోనే ఇలాంటిది చూశాడు. డబుల్ డెక్కర్ బస్సుల్లో రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే, మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువ. మన సికింద్రాబాద్ రూట్లో డబుల్ డెక్కర్ తిరిగిన రోజుల్లో ఎవరైనా లెక్క తీసుంటే బాగుండేది. తర్వాత ఆయన యూనిఫారాల కొలతల పుస్తకాలు తెప్పించి, ప్యాంటు నడుములు చూశాడు. డ్రైవర్ల నడుము లావు. అయితే లావైనా సన్నమైనా, అదే నడుమున్న డ్రైవర్‌తో పోల్చితే కండక్టర్‌కు హఠాత్తుగా గుండె ఆగే ముప్పు తక్కువగానే కనిపించింది.

ఈ ప్యాంట్ల కథ చెప్పి, "మీ నడుమెంత?" అని అడిగాను. తెలియదన్నారు. ఆర్నెల్ల కింద ఎంతుండేదో అసలే తెలియదు. కాసేపు ఆలోచించి షర్టు పైకెత్తి బెల్టు చూపించారు. పాత తోలు బెల్టు. రోజూ బకిల్ పడే చోట లోతుగా చార పడింది. దానికి రెండు వేళ్ల ఇవతల కొత్త రంధ్రం, అంచులు ఇంకా తెల్లగా ఉన్నాయి.

"గిది సంక్రాంతికి కొట్టించిన సార్. బెల్టు సాగిందనుకున్న."